వేడికి పసుపు, చల్లారితే తెలుపు

అక్క చేతికర్ర నేలకు అతుక్కుపోయింది. ఆమె లాగింది, రాలేదు. గట్టిగా లాగితే కర్ర ఊడొచ్చింది గానీ, దాని అడుగున తొడిగిన రబ్బరు బుడిపె మాత్రం గచ్చు మీదే బంకలా సాగుతూ ఉండిపోయింది.

"చూశావుగా నీ సరుకు!" అంది అక్క, తమ్ముడి మొహంలోకి చూస్తూ. "ఇది తొడుక్కుని మనుషులు నడవాలా, ఉన్నచోటే పాతుకుపోవాలా?"

నిజం చెప్పొద్దూ, తమ్ముడికి కాస్త నవ్వొచ్చింది. అక్క ముందు నవ్వితే ఇంకేమైనా ఉందా! మింగేశాడు.

ఆ షెడ్డు అక్కది. చేతికర్రలకు తొడిగే రబ్బరు బుడిపెలు చేస్తారక్కడ. రబ్బరు ముద్దను రెండు రోలర్ల మధ్య నలిపి పొడులు కలిపే మిల్లు కూడా అక్క కొన్నదే అయినా, ఇరవై రెండేళ్లుగా తమ్ముడు దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చిన పాపాన పోలేదు. అలాంటిది మంగళవారం కలిపిన ముద్ద గట్టిపడలేదు. బుధవారం ముద్దా అంతే. వేడి అచ్చుల ప్రెస్సులో ఎంత కాల్చినా బంకే.

"పొడులు కలిపిన రబ్బరే బయట దొరుకుతోందిరా. రేపు మిల్లు కొనేవాళ్లొస్తున్నారు," అంది అక్క. "ఇవాళ్టి ముద్ద బాగా వస్తే సరే. లేదంటే రేపట్నుంచి నువ్వు అంచులు కత్తిరించే బల్ల దగ్గర కూర్చో."

అంచులు కత్తిరించడమా! తను!

తమ్ముడు రోలర్లు తిప్పాడు. తాసులో తూచి, పొడులన్నీ వేశాడు. మేనకోడలు, అక్క కూతురు, పక్కనే నిలబడింది. ఆ అమ్మాయి పనిలో చేరి వారమే అయింది. రోలర్ల నుంచి దిగిన రబ్బరు పలకలు ఒకదానికొకటి అంటుకోకుండా టాల్కం చల్లడం ఆమె వంతు.

"గంధకం పాతదేమో మామయ్యా?"

"నిన్ననే కొత్త మూట విప్పాను."

"మరి జింక్ ఆక్సైడ్?"

"దాన్నేమీ అనకు తల్లీ! ఉత్తేజకం అది. రబ్బరుకీ గంధకానికీ పొత్తు కుదిర్చేదే అది. అది లేకపోతే ఆ రెండూ పక్కపక్కనే కూర్చుని మొహమొహాలు చూసుకుంటాయంతే, ముద్ద గట్టిపడదు. మూట వచ్చిన రోజే చెంచాలో వేయించి చూశాను, మేలురకం."

ఈ వేయించడం గురించి షెడ్డంతా నవ్వుకుంటుంది. కొత్త మూట వచ్చిందంటే చాలు, ఈయన చిటికెడు పొడిని స్టీలు చెంచాలో పోసి టీ పొయ్యి మీద కాస్తాడు. జింక్ ఆక్సైడ్ అయితే వేడికి పసుపుపచ్చగా మారి, చల్లారగానే మళ్లీ తెల్లబడుతుంది. ఆ తర్వాతే మూటను డబ్బాలో పోసి, మూత మీద పేరు రాస్తాడు. డబ్బా మీద రాయవయ్యా అంటే వినడు. పైనుంచి చూస్తే కనబడేది మూతేగా అంటాడు.

పలకలు దిగాయి. మేనకోడలు టాల్కం చల్లి చేత్తో రుద్ది, మొహం చిట్లించింది.

"ఇదేం టాల్కం మామయ్యా! జారనే జారదు, చేతికి పట్టుకుని వదలదు. రెండ్రోజులుగా ఇదే గోల."

రోలరు ఆపేశాడాయన.

"ఏమన్నావ్? జారట్లేదా?"

చేతి తొడుగు పీకి పారేసి, ఆ పొడిని వేళ్ల మధ్య నలిపాడు. పరుగున వెళ్లి చెంచా పొయ్యి మీద పెట్టాడు. టాల్కం అని రాసిన డబ్బాలోని పొడి చూస్తుండగానే పచ్చబడింది. దించితే నెమ్మదిగా తెల్లబడింది. జింక్ ఆక్సైడ్ అని రాసినదాన్ని ఎంత కాచినా ఉలుకూ పలుకూ లేదు.

"ఓసి నా తల్లీ, బతికించావు!" అని ఎగిరి గంతేశాడు. "ఇంతకీ ఈ మూతలు ఎవరు మార్చారు?"

మేనకోడలు తల్లి వైపు చూసింది. అక్క కర్ర వైపు చూసుకుంది.

"సోమవారం... దుమ్ము పట్టి ఉన్నాయని అన్నీ కడిగానురా," అంది నాలుక కరుచుకుని. "డబ్బాలు రెండూ ఒకేలా ఉన్నాయి కదా!"

ఎంత మంచి అవకాశం! రెండ్రోజులుగా తిన్న చీవాట్లన్నీ వడ్డీతో తిరిగి ఇచ్చెయ్యొచ్చు. కానీ అక్క మొహం అంత చిన్నబోవడం ఆయన ఏనాడూ చూడలేదు, చూడలేకపోయాడు.

"మూత మీద రాసింది నేనేగా అక్కా," అన్నాడు. "ముద్ద ఇంకా కాల్చలేదు. ఏం మునిగిపోలేదు."

పలకలన్నీ మళ్లీ రోలర్లకెక్కాయి. ఈసారి అసలైన పొడి పడింది. గంటలో మొదటి బుడిపెలు ప్రెస్సులోంచి వచ్చాయి. నల్లగా, గట్టిగా, నొక్కితే తిరిగి లేచేలా. అక్క ఒకటి కర్రకు తొడుక్కుని నేల మీద టక్కున కొట్టింది. కర్ర పైకి లేచింది. ఆమె షెడ్డు ఆ చివరిదాకా వెళ్లి, కులాసాగా తిరిగొచ్చింది. తర్వాత ఫోన్ తీసింది.

"రేపు మీరు రావద్దండీ. లేదండీ, బేరం కాదు. మిల్లు ఖాళీగా లేదు, మా తమ్ముడు పనిలో ఉన్నాడు."