అక్క కిడ్నీ, తమ్ముడి ఊపిరితిత్తి

సుదర్శన్ దగ్గుతుంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. బళ్లారి ఇనుప గనులు జోరు మీదున్న రోజులవి. ఖనిజం మోసే అతని టిప్పర్లు తోరణగల్లు దారిలో తిరిగేవి. ఆ దారిన తిరిగేవాళ్లంతా ఎర్రదుమ్ము మింగి దగ్గేవాళ్లే.

అంతకు కొన్నేళ్ల ముందు అతని కిడ్నీలు రెండూ పాడైతే, అక్క నాగలక్ష్మమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చి బతికించింది. ఆ తర్వాత ఏటా చేయించుకునే కిడ్నీ పరీక్షల కోసం ఇద్దరూ బెంగుళూరు వెళ్లినప్పుడు, అతని దగ్గు విని డాక్టరమ్మ స్కాన్ తీయించింది. కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అని తేలింది.

"బీడీ కూడా ముట్టలేదు కదమ్మా నేను!" అన్నాడు సుదర్శన్.

నాగలక్ష్మమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నా కిడ్నీలోనే ఉండిందేమో మేడమ్ ఈ రోగం? నేనే అంటించినానా వానికి?"

సుదర్శన్ అదిరిపడ్డాడు. క్యాన్సర్ అన్నప్పటికంటే ఈ మాటే అతన్ని ఎక్కువ కలచివేసింది.

"ఏందక్కా ఆ మాట!"

డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టింది. కిడ్నీ శుభ్రంగా ఉందని, గడ్డ ఊపిరితిత్తిలోనే పుట్టిందని చెప్పింది. పెట్టిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే మాత్రలు రోగాలతో పోరాడే శక్తిని కూడా తగ్గిస్తాయని, అందుకే అలాంటివాళ్లకు క్యాన్సర్ భయం ఎక్కువని వివరించింది.

"ఇంకా పాకలేదు. ఆ భాగం కోసి తీసేయొచ్చు. కానీ ఆపరేషన్ తర్వాత చీము పట్టినా, మాత్రలు తగ్గించాల్సి వచ్చినా కిడ్నీ దెబ్బతినొచ్చు."

"ఐతే వద్దు. నువ్వు కోసిచ్చింది పోగొట్టుకొని నేను బతికేదేందక్కా?"

"దాచిపెట్టుకోమని ఇచ్చినానా? బతకమని ఇచ్చినా." ఆమె అతని భుజం పట్టుకుంది. "పోతే పోనీ. నువ్వుంటే సాలు."

ఊపిరితిత్తి పైభాగం తీసేశారు. తర్వాత జ్వరం కాసింది, మూత్రం బాగా తగ్గిపోయింది. నాగలక్ష్మమ్మ అన్నం ముట్టకుండా, మంచానికి వేలాడే మూత్రం సంచినే చూస్తూ కూర్చుంది. మందులు మార్చాక జ్వరం దిగింది. సంచిలో పసుపు నీళ్లు పేరుకోవడం మొదలైంది.

"వస్తాండాదప్పా, వస్తాండాది!" అని ఆమె భోరుమంది.

సొంతూరు రూపనగుడిలో జీపు దిగి గడప దాకా నడిచేసరికే సుదర్శన్ ఆయాసపడ్డాడు. పొరుగింటి పక్కీరమ్మ ఎదురొచ్చింది.

"ఏమైందప్పా, ఇట్లా సిక్కిపోయినావు?"

అతను నోరు తెరిచాడు. ఆ పేరు పలకలేకపోయాడు.

"క్యాన్సర్" అంది నాగలక్ష్మమ్మ, అతని చెయ్యి పట్టుకొని. "కోసి తీసేసినారు."