నడిమి ముడత

నేను ఒక జంఖానాను, పదిమంది కూర్చోవడానికి నేల మీద పరిచే నూలు నేతను. ఒంటి నిండా ఎర్రచారలు, నల్లచారలు, అంచుల్లో సన్నగా పసుపు. నన్ను చుట్టాలా, మడవాలా అన్న దాని మీద ఆ ఇంట్లో భార్యాభర్తలకు మాటామాటా పెరగడం కొత్త కాదు. అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలు వేసి, పైన ఒకసారి చేత్తో సాఫు చేస్తే తప్ప స్వరూపమ్మకు తృప్తి ఉండదు. ఆమె భర్త సదానందానికి నన్ను చాపలా చుట్టి మూలకు నిలబెట్టడం ఇష్టం.

"మడిస్తే మడత కాడ దారం తెగుతది," అన్నాడాయన ఆ ఆదివారం పొద్దున, నన్ను అటక మీది నుంచి కిందికి లాగుతూ.

"చుడితే లోపల బొద్దింకలు కాపురం పెడుతయి. పోయినసారి దులిపింది ఎవరు, మీరా?"

"అసలు దీన్ని దాసుకునుడే దండుగ. నడుమ ముడత. ఆడికి కోసేస్తే రెండు ముక్కలైతయి. ఒకటి మంచం కిందికి, ఒకటి దేవుని అర్రకు."

"కోసుకోన్రి. ముందుగాల కత్తెర యాడుందో దేవులాడుకోన్రి."

ఇంట్లో కత్తెర ఎక్కడుంటుందో ఆయనకు పెళ్ళైన నాటి నుంచీ తెలియదు. అందుకే నేను ఇంకా ఒక్క ముక్కగా ఉన్నాను.

ముడత సంగతి చెప్పాలి. నేను వరంగల్‌లో ఒక నేతగాళ్ళ వాడలో పుట్టాను. జంఖానా మగ్గం వెడల్పాటిది, ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే తప్ప నేత సాగదు. నన్ను నేసినవాళ్ళు బావా బావమరుదులు. సగం దాకా ముచ్చట్లు చెప్పుకుంటూ నేశారు. అంతలో ఏదో పెళ్ళిలో ఎవరికో ముందు వడ్డించలేదన్న మాట వచ్చి మాట్లాడుకోవడం మానేశారు. పని మానలేదు, మానితే పూట గడవదు. మొహాలు చెరో వైపు తిప్పుకుని, ఒకరు గట్టిగా, ఒకరు మెత్తగా పోగు కొట్టారు. అంతకుముందైతే 'జర వదులు' అని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. నా నడుములో జానెడు మేర గుంజుకుపోయింది. తర్వాత వాళ్ళిద్దరూ కలిసిపోయి, నన్ను చూసి నవ్వుకున్నారు కూడా. నా ముడత మాత్రం పోలేదు.

కొత్త కాపురంలో స్వరూపమ్మ నన్ను కొన్నది. ముడత చూసే కొన్నది, రంగులు నచ్చాయి. ఆ గల్లీలో పెద్ద జంఖానా నేనొక్కదాన్నే కావడంతో నాకు ఇల్లంటూ ఒకటి లేకుండా పోయింది. పేరంటాలకు నేనే, పెళ్ళిచూపులకు నేనే, చావు ఇంట్లో వచ్చినవాళ్ళు కూలబడడానికీ నేనే. పసిపిల్లల ఉచ్చ, తాంబూలం మరకలు, కన్నీళ్ళు, అన్నీ ఇంకాయి. ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ స్వరూపమ్మకు అప్పజెప్పేవారు. అందరికీ పరుచుకుని అందరి కిందా నలిగితే అలసట రాకుండా ఎట్లా ఉంటుంది? ముడత మీద మాత్రం ఎవరూ కూర్చోరు. కాస్త పక్కకు జరుగుతారు.

రెండిళ్ళ అవతల ఖాజా, నజ్మా ఉంటారు. ఖాజా కాలిపోయిన మోటార్లకు తీగ చుడతాడు. నజ్మా గల్లీ మొత్తానికి జాకెట్లు కుడుతుంది. కుట్టేదనాలి. పోయిన ఏడాది నుంచి ఆమె మిషను చప్పుడు తగ్గిపోయింది.

పోయిన ఏడాది నిమజ్జనం రోజే ఖాజా వాళ్ళ అమ్మ పోయింది. కబురు తెలియగానే స్వరూపమ్మ నన్ను దించి, మడిచి, గడప పక్కన పెట్టింది, ఎవరైనా అడగడానికి వస్తారని. ఈలోగా ఊరేగింపు గల్లీలోకి వచ్చింది. గణేశ్ కమిటీ పెద్దగా సదానందం ముందు నడుస్తున్నాడు. మైకుల బండి సరిగ్గా ఖాజా ఇంటి ముందే ఆగింది. ఎవరో జనరేటరు వైరు గుంజారు. తోపులాటలో దేవుడి గొడుగు విరిగింది. పోలీసులు వచ్చి గల్లీకి ఇరుపక్కలా కాపలా కూర్చున్నారు. నన్ను అడగడానికి ఎవరూ రాలేదు. వాళ్ళు వేరే వాడ నుంచి చాపలు తెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఆ ఇంటికి మోటార్లూ పోలేదు, జాకెట్లూ పోలేదు. ఈ ఏడాది ఒక పొద్దున నజ్మా గోడ పక్కన నిలబడి స్వరూపమ్మతో మెల్లగా చెప్పింది. "అమ్మ పోయి ఏడాదైతది, బర్సీ అయినంక ఇల్లు ఖాళీ చేస్తమక్కా. మా మరిది వాళ్ళ దిక్కు ఇల్లు చూసిండు."

కత్తెర మాట వచ్చిన ఆ ఆదివారమే స్వరూపమ్మ నన్ను అటక మీది నుంచి దించమన్నది. ఎందుకో భర్తకు చెప్పలేదు. సాయంత్రం డాబా మీద పరిచి, టీ పెట్టి, ఖాజా దంపతులనూ ఎదురింటి జనార్దన్ సారునూ పిలిచింది.

జనార్దన్ సారు రిటైరైన లెక్చరరు. దేవుడి మీద నమ్మకం లేనివాడు. ఖాజా నా అంచున, ఒక కాలు బయటపెట్టి, ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. సదానందం ఇంకో అంచున. దోమల గురించీ మోరీల గురించీ మాట్లాడుకున్నారు. చివరకు సారు గొంతు సవరించుకున్నాడు.

"దేవుళ్ళను పక్కన పెట్టండి. సగం లొల్లి అదే పోతది."

"మరి మీ తమ్మునితోని మీరు ఎందుకు మాట్లాడుతలేరు సారూ?" అన్నాడు సదానందం. "అండ్ల దేవుడు లేడు గదా."

ఆ వారం అంతటితో సరి. మరుసటి వారమూ అంతే. మనుషులు కలిసి కూర్చుంటే చాలు, మనసులు వాటంతట అవే కలుస్తాయనుకుంటారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ కింద పడి ఉన్నదాన్ని, నాకు ఆ ఆశ లేదు.

మూడో ఆదివారం స్వరూపమ్మ ఒక షరతు పెట్టింది.

"నజ్మా గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు ఏం చేస్తది? మెడ ఇంత, చెయ్యి ఇంత, అంతేనా అక్కా అని మనం చెప్పింది మనకే తిరిగి చెప్తది. మనం అంతే అంటేనే కోస్తది. ఈడ గూడ అట్లనే. ఎదుటోళ్ళు చెప్పింది ముందు తిరిగి చెప్పాలె. వాళ్ళు అంతే అన్నంకనే మీ మాట."

"గుడ్డకూ మనిషికీ పోలికేంది?" అన్నాడు సదానందం.

"గుడ్డ కరాబైతే ఇంకోటి కొనుక్కుంటం."

ఖాజా నా అంచు కుచ్చులు పీకుతూ మొదలుపెట్టాడు.

"అమ్మకు ఆఖరి నీళ్ళు పోస్తున్నం. ఖురాన్ చదువుతుంటే చదివేటోళ్ళకే వినపడలే. ఆపుమని మీ కమిటీ పిలగానికి చెప్పి పంపిన. ముందల మీరే ఉన్నరన్నా. నా ఇల్లు మీకు తెల్వదా?"

"మైకు సప్పుడుకు నీకు కోపమొచ్చింది," అన్నాడు సదానందం.

"అది కాదన్నా."

"చెప్పి పంపినా మేం ఆపలేదని..."

"అది గూడ కాదు."

జనార్దన్ సారు ఏదో అనబోయాడు. స్వరూపమ్మ ఆయన వైపు చూసింది. ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.

"మీ అమ్మ," అని సదానందం ఆగిపోయాడు. ఆమె చేతి రొట్టెలు చిన్నప్పుడు ఆయన చాలా తిన్నాడు. "మీ అమ్మకు నీళ్ళు పోస్తుంటే నేను నీ ఇంటి ముందల నిలబడ్డ. ఇల్లు తెలిసి గూడ నిలబడ్డ."

"అంతే," అన్నాడు ఖాజా.

ఇప్పుడు సదానందం వంతు. "ఆపుమన్న మాట నాకు ఎవ్వరూ చెప్పలే. వైరు నువ్వే గుంజినవన్నరు. నమ్మిన. నిన్ను అడగలే."

ఖాజా ఆ మాటలు తిరిగి చెప్పాడు. 'నాకు ఎవ్వరూ చెప్పలే' అన్న ముక్క దగ్గర రెండుసార్లు ఆగాడు. నమ్ముతున్నానని అనలేదు. విన్నది విన్నట్టు చెప్పాడు, అంతవరకే. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ, వైరు తను గుంజలేదన్నాడు. సదానందం అదీ తిరిగి చెప్పాడు.

"ఈసారి మైకు సంగతి కమిటీల మాట్లాడుత," అన్నాడాయన. "వింటరో వినరో నేను చెప్పలేను."

తర్వాతి వారాల్లో గల్లీ ఏమీ మారిపోలేదు. ఒకావిడ జాకెట్టు గుడ్డ పట్టుకుని నజ్మా ఇంటికి వెళ్ళింది. తన ఇంటి మోటారు కాలిపోతే జనార్దన్ సారు ఖాజాకే ఇచ్చాడు. అంతే. ఇల్లు ఖాళీ చేయడం గురించి స్వరూపమ్మ అడగలేదు, నజ్మా చెప్పలేదు.

బర్సీ ముందు రోజు నజ్మా వచ్చింది. "అక్కా, జంఖానా ఇస్తవా?"

స్వరూపమ్మ లోపలికి వెళ్ళి, కొంగుతో కళ్ళు తుడుచుకుని వచ్చింది. సదానందం నన్ను చుట్టి, భుజాన వేసుకుని, గల్లీ అంతా చూస్తుండగా మోసుకుపోయాడు. చుట్టినందుకు ఆమె ఏమీ అనలేదు.

వచ్చినవాళ్ళందరూ తిని వెళ్ళాక ఇంటివాళ్ళు కూర్చున్నారు. స్వరూపమ్మనూ సదానందాన్నీ పోనివ్వలేదు. నా మీద భోజనాల గుడ్డ దస్తర్‌ఖాన్ పరిచి బగారన్నం, దాల్చా పెట్టారు.

"ఇయ్యాల శనివారం గదన్నా, మీకు వేరే గిన్నెల ముక్క లేకుండ వండిన," అన్నది నజ్మా.

"శనివారం నీకు యాదికున్నది, నేనే మరిచిన," అన్నాడు సదానందం. చోటు లేక ఆయన ముడత మీదే కూర్చున్నాడు. కాస్త ఇబ్బందిగా అటూ ఇటూ కదిలాడు కానీ పక్కకు జరగలేదు.

ఖాజా ఎవరి మొహమూ చూడకుండా అన్నం కలుపుతూ అన్నాడు. "ఇల్లు ఖాళీ చేస్తలేం. పొద్దున తమ్మునికి ఫోన్ చేసి చెప్పిన."

నజ్మా చేతిలో గరిటె ఆగింది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది. భర్త వైపు చూసి, గుడ్డ మీద కత్తెర పెట్టబోయే ముందు అడిగే గొంతుతోనే అడిగింది.

"ఇల్లు ఖాళీ చేస్తలేం. అంతేనా?"

"అంతే," అన్నాడు ఖాజా.