లైసెన్స్ లేని నాలుగు గంటలు

నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న మా ఆఫీసులో కంప్యూటర్లు చూసేది నేను. చూడడమంటే, అవి మొరాయించినప్పుడల్లా తిట్లు తినడం. పంతొమ్మిదేళ్లుగా ఇదే ఉద్యోగం. నిజం చెప్పాలంటే విసుగెత్తిపోయింది.

తూములు, వంతెనలు గీసే ఇంజినీర్లు మా దగ్గర పద్దెనిమిది మంది. వాళ్ల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే లైసెన్స్ సర్వర్ ఊ అనాలి. ఆ సర్వర్‌కి ఒళ్లంటూ లేదు. ఒక పెద్ద కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోనే కట్టిన యంత్రం, వర్చువల్ మెషీన్. ఉప్పుగాలికి ఆ పెద్ద కంప్యూటర్ బోర్డు తుప్పు పట్టింది. అందుకని మంగళవారం పొద్దున, ఎవరూ రాకముందే, ఆ వర్చువల్ మెషీన్‌ని కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆన్ చేయగానే ఒక ప్రశ్న అడిగింది. దీన్ని ఇక్కడికి తరలించారా, కాపీ చేశారా?

చేసింది కాపీయే కాబట్టి కాపీ అనే నొక్కాను. అలా నొక్కితే అది కొత్త యంత్రమైపోయి, తన నెట్‌వర్క్ నంబరు మార్చేసుకుంటుంది. లైసెన్స్ ఇచ్చింది పాత నంబరుకి. ఇది నాకు తెలియనిది కాదు. నిద్రమత్తులో నిజం చెప్పేశాను, అంతే. పాత నంబరు తిరిగి రాసి చూశాను. ఒకసారి అనుమానం పుట్టాక లైసెన్స్ ఇక నమ్మదు, అమ్మిన కంపెనీవాళ్లే మళ్లీ ఇవ్వాలి. పాత కంప్యూటర్‌ని లేపబోతే ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది.

పదింటికి చంద్రమౌళి వచ్చాడు. డిజైన్ ఇంజినీరు, నెమ్మదైన మనిషి. ఆ రోజు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కలీమన్నా, నాది తెరుచుకోవడంలా. తోటపల్లి గూడూరు తూముకి మూడింటికి స్లాబు పోస్తా ఉండారు. డ్రాయింగు తప్పుండాది."

"ఏం తప్పు?"

"ట్రాక్టర్లే పోతాయని ఇనప కమ్మి లెక్కేసినాం. ఆడ రొయ్యల లారీలు తిరగతాయంట, మేస్త్రి ఇప్పుడు చెప్తా ఉండాడు. ఇట్టే పోస్తే పగులుద్ది."

"రేపు పోయమనరాదా?"

"నీళ్లకి అడ్డమేసిన మట్టికట్ట రేపటిదాకా నిలవదంట."

కంపెనీకి ఫోన్ చేశాను. మొదటి మనిషి కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టమన్నాడు. రెండో ఆమె ఫారం నింపమంది. మూడో మనిషి, మీరే కాపీ అని ఒప్పుకున్నారు కదా సార్ అన్నాడు, దొంగని పట్టుకున్నట్టు. ఇంజినీర్లంతా టీలు తాగి, ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. చంద్రమౌళి నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. సైటు నుంచి పెంచల్ మేస్త్రి మాటిమాటికీ ఫోన్ చేస్తున్నాడు. "సార్, ఎంత కమ్మి ఎయ్యాల్నో చెప్తే కట్టుకుంటాం గదా."

ఒంటిగంట దాటాక చంద్రమౌళి స్టూలు లాక్కుని, నేను ప్రింటు తీసిన ఫారం తిరగేసి ఏదో రాయడం మొదలుపెట్టాడు. తోచక గీతలు గీస్తున్నాడనుకున్నాను. తూము వెడల్పు రాశాడు. లారీ బరువు రాశాడు. కొట్టేశాడు, మళ్లీ రాశాడు. రెండు పేజీలు నిండాయి. మొదటినుంచి ఇంకోసారి సరిచూసుకుని, సంతకం పెట్టి, ఫొటో తీసి పెంచల్‌కి పంపి ఫోన్ చేశాడు.

"పాత కమ్మీల మధ్యలో ఒక్కోటి ఎయ్యండి. పదహారు మిల్లీమీటర్లది."

"ఇంతేనా సార్? గంటలో కట్టేస్తాం."

అప్పటికి రెండు. ఇంకో ఇరవై నిమిషాలకి కంపెనీ నుంచి కొత్త లైసెన్స్ వచ్చింది. అన్ని సీట్లలో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. చంద్రమౌళి అదే లెక్క అందులో వేసి చూశాడు. సరిపోయింది. వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"పొద్దన్నే చెయ్యాల్సిందన్నా. అది తెరుచుకోకపోతే నాకు లెక్క రాదనుకున్నా."

నాకు సిగ్గేసింది. నాలుగు గంటలు ఫోన్లో వాళ్లనీ వీళ్లనీ బతిమాలానే గానీ, కాగితం మీద వేసి చూడు అని ఒక్క మాట అనలేదు. నేనూ సివిల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ణే.