పసుపు గీత

జెండా ఊగడానికి నాలుగు నిమిషాలే ఉంది. మెకానిక్ మోకాళ్ళ మీద తమ్ముడి రేసు బండి చుట్టూ చివరిసారి తిరిగాడు.

ముప్పై రెండు బోల్టులు. ఒక్కోటి బిగించాక దాని తల మీది నుంచి కింది ఇనుము మీదికి సన్నగా పసుపు గీత గీస్తాడు. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. అందుకే ట్రాక్ మీద అందరూ అతన్ని 'గీతల మేష్టారు' అని ఆటపట్టిస్తారు. పదకొండేళ్ళలో ఆ గీతలు ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

ఈరోజు ముప్పై రెండూ తిన్నగా ఉన్నాయి. స్పానర్ జేబులోనే ఉండిపోయింది.

"చాల్లే అన్నయ్యా, బండికేం జ్వరమొచ్చిందా?" తమ్ముడు మెడలో చిరుగుల రుమాలు ముడేసుకున్నాడు. అదే తన అదృష్టమంటాడు, అది లేనిదే బండెక్కడు. "నీ గీతలు నీకు, నా రుమాలు నాకు."

"రుమాలు బ్రేకెయ్యదురా."

ఈల మోగింది. మెకానిక్‌లంతా కంచె దాటి బయటికి వచ్చేశారు. ఈ రేసు గెలిస్తే తమ్ముడికి కంపెనీ జట్టులో చోటు ఖాయం.

"అన్నట్టు చెప్పడం మర్చిపోయా!" కంచె అవతలి నుంచి తమ్ముడు అరిచాడు. "పొద్దున నువ్వు టైర్ల కోసం వెళ్ళినప్పుడు నీ గీతలన్నిటికీ మళ్ళీ రంగేశా. వెలిసిపోయాయి పాపం. ఎలా ఉంది నా పనితనం?"

హెల్మెట్ అద్దం కిందికి దిగింది.

మెకానిక్ చెయ్యి జేబులోని స్పానర్ మీదికి పోయింది. కదిలిన బోల్టు మీద కొత్తగా గీత గీస్తే అదీ తిన్నగానే కనిపిస్తుంది.

"ఆగరా! ఒరేయ్, దిగు!"

ఇరవై ఇంజన్లు ఒక్కసారిగా గర్జించాయి. జెండా ఊగింది. కంచె ఎక్కబోతే కాపలావాడు నడుం పట్టుకుని లాగేశాడు.

మెకానిక్ చుట్ల లెక్క చూపించే పలక అందుకుని సుద్దతో పెద్దగా 'ఆగు' అని రాసి ఎత్తి పట్టుకున్నాడు. మొదటి చుట్టు ముగించి దూసుకొచ్చిన తమ్ముడు అందరికంటే ముందున్నాడు. పలక చూశాడు. ముందున్నవాడు ఆగుతాడా? తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

మూడో మలుపులో ముందు బ్రేకు ఊడింది.

తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాక మెకానిక్ బండి శకలాల ముందు కూర్చున్నాడు. బ్రేకును పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి లేదు. రెండోది వదులుగా వేలాడుతోంది. దాని తల మీది రంగును గోటితో గీకాడు. మందంగా వేసిన కొత్త గీత కింద పాత గీత బయటపడింది. రంగేసే ముందే అది కాస్త పక్కకు తిరిగిపోయి ఉంది. పాపం, అది నిజమే చెప్పింది. తను స్పానర్ తీసి ఒక్కసారి తిప్పి చూసినా తెలిసేది.

మర్నాడు తమ్ముడు కళ్ళు తెరిచాడు. దుప్పటి కుడి మోకాలి కింది నుంచి చదునుగా పడి ఉంది.

"ఎలా జరిగిందన్నయ్యా? గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయిగా?"

మెకానిక్ పసుపు అంటిన గోరును పిడికిట్లో దాచుకున్నాడు.

"సరిగ్గానే ఉన్నాయిరా."

"మరి?"

పదకొండేళ్ళుగా తన నోట రానివ్వని మాటను అతను బయటికి తీశాడు.

"అదృష్టం బాలేదు. అంతే."

తమ్ముడు తల తిప్పుకున్నాడు. "రుమాలు కట్టుకున్నాను కూడా," అన్నాడు.