చెదల మేడమ్ గారికి మర్యాదలు

మేము వెళ్ళిన పరాయి దేశంలో మనవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. మన వైపు నుంచి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే హోటల్లో దిగనివ్వరు. వంతులు వేసుకుని రోజుకో ఇంటికి తీసుకుపోతారు. ఒకే ఇంట్లో రెండు రాత్రులు ఉండిపోతే పక్కింటివాళ్ళకు చిన్నతనమట. అందుకని మేము రోజూ పొద్దున్నే సూట్‌కేసు సర్దుకుని, సాయంత్రానికి కొత్త ఇంటికి చేరేవాళ్ళం. మేమంటే మా పెద్దమ్మ, నేను.

పెద్దమ్మ చాలా ఏళ్ళుగా చెదపురుగుల మీద పరిశోధన చేస్తోంది. కాలేజీలో పిల్లలు ఆమెను చెదల మేడమ్ అంటారు. వాళ్ళు ఎదురుగా అన్నా ఆమె ఏమీ అనుకోదు. ఆ దేశపు విశ్వవిద్యాలయం వాళ్ళు ఉపన్యాసాలకు పిలిచారు. మోకాలికి ఆపరేషన్ అయింది కాబట్టి సామాను మోయడానికి, వేళకు మాత్రలు ఇవ్వడానికి నన్ను వెంట తెచ్చుకుంది.

"నోట్లో నాలుక లేని పిల్ల. దీన్నెందుకక్కా తీసుకెళ్ళడం?" అంది అమ్మ.

"నాలుక నాకుందిగా. నాకు కావలసింది చేతులు" అంది పెద్దమ్మ.

వచ్చే ఏడాది పెద్దమ్మ రిటైరవుతుంది. ఆ తర్వాత ఆమె పరిశోధన గదికి తాళం పడుతుంది. ఆమె దగ్గర పనిచేస్తున్న ఇద్దరు విద్యార్థుల చదువు నట్టేట్లో ఆగిపోతుంది. వాళ్ళిద్దరినీ తన దగ్గర చేర్చుకోవాలో వద్దో చివరి ఉపన్యాసం విన్నాక చెబుతానని అక్కడి డిపార్ట్‌మెంటు పెద్దాయన అన్నాడు. ఇంత దూరం వచ్చింది ఆ ఒక్క మాట కోసమే.

మొదట ఇంజినీరు గారిల్లు. "కొంచెమేనండీ, కొంచెమే" అంటూ ఆయన భార్య పళ్ళెంలో కొండ పేర్చింది. తినడం అయ్యాక అందరూ పెద్దమ్మ చుట్టూ కూర్చున్నారు.

"మేడమ్ గారూ, మా వెనక తలుపుకి చెద పట్టింది. ఏ మందు కొట్టమంటారు?"

"నేను వాటిని పెంచేదాన్నండీ, చంపేదాన్ని కాదు" అంది పెద్దమ్మ. అందరూ పడీ పడీ నవ్వారు.

మర్నాడు అక్కడందరూ బాబాయి అని పిలిచే సామాన్ల కొట్టాయన ఇల్లు. అక్కడ కూడా అదే ప్రశ్న. పెద్దమ్మ అదే జవాబు చెప్పింది, అంతే నవ్వు వచ్చింది. కొట్టు బాబాయి ఆమెను తన ఇల్లంతా, కొట్టంతా తిప్పి, ప్రతి అలమారా ముందూ ఫోటో తీయించాడు. ఆ మాటా ఈ మాటా చెప్పించేసరికి పెద్దమ్మ గొంతు బొంగురుపోయింది.

చివరి ఉపన్యాసానికి ముందు రోజు, అక్కడి ఆసుపత్రిలో పనిచేసే నర్సక్క ఇంటికి వంతు వచ్చింది. కారులో పెద్దమ్మ నా చెవిలో, "ఈ పూట తొందరగా పడుకోవాలే. గొంతు కాస్తా పోయిందంటే రేపు గోవిందా" అంది.

తీరా వెళ్ళేసరికి ముందుగదిలో సోఫాలు గోడకు జరిపేసి ఉన్నాయి. కింద దుప్పట్లు పరిచి, ఎవరి ఇళ్ళ నుంచో తెచ్చిన కుర్చీలు వేశారు.

"రేపు డ్యూటీలుండి రాలేనివాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. భోజనాలకు ముందు ఆ ఉపన్యాసమేదో ఇక్కడ ఒక్కసారి చెప్పేస్తే వాళ్ళూ వింటారు" అంది నర్సక్క.

"అలాగేనమ్మా" అంది పెద్దమ్మ.

మాకు ఇచ్చిన గదిలోకి వెళ్ళాక మంచం అంచున కూలబడింది. గొంతు మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకుంది. ఎవరింట్లోనూ ఏదీ కాదనడం ఆమెకు చేతకాదు. నాకేమో ఎవరింట్లోనూ మాట్లాడడమే చేతకాదు. కాసేపు తలుపు దగ్గర నిలబడ్డాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళాను.

"ఏం కావాలమ్మా, మంచినీళ్ళా?" అంది నర్సక్క. తలూపాను. ఇచ్చిన నీళ్ళు తాగాను. అక్కడే నిలబడ్డాను.

"ఇంకా ఏమ్మా?"

"పెద్దమ్మ ఇప్పుడు మాట్లాడితే రేపు మాట్లాడలేదక్కా" అన్నాను. ఒకసారి నోరు తెరిచాక మిగతాది ఆగలేదు. ఆ ఇద్దరు విద్యార్థుల గురించి, పెద్దాయన గురించి అంతా చెప్పేశాను.

నర్సక్క పొయ్యి కట్టేసింది. "మరి నేనడిగితే అలాగే అన్నారుగా?"

"ఎవరేమడిగినా అలాగే అంటుందక్కా."

ఆమె అక్కడున్న బియ్యం బస్తా మీద కూర్చుంది. అప్పుడు చూశాను, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను డ్యూటీ దిగి కన్ను మూయలేదు తెలుసా? ఆ ఇళ్ళల్లో అన్నేసి రకాలు చేస్తే, నేను పప్పూ అన్నం పెట్టి ఊరుకున్నాననుకో, రేపీపాటికి ఊరంతా టాంటాం. నాకూ ఓపిక లేదమ్మా."

ఆమె భర్త బస్సు నడుపుతాడు. మా మాటలు విని గుమ్మంలోకి వచ్చాడు.

"వచ్చేవాళ్ళకి ఉపన్యాసం లేదని నువ్వు చెప్పు" అంది నర్సక్క.

"నేనా? కొట్టు బాబాయి నన్ను నమిలేస్తాడే!"

"నమలనీ. ఆకలి మీదే వస్తాడుగా."

చివరికి ఆమే చెప్పింది. వచ్చినవాళ్ళ ముందు మా గది తలుపుకు అడ్డంగా నిలబడి, "అమ్మగారి గొంతు బాలేదు. నర్సుగా చెబుతున్నా, మాట్లాడనివ్వను. భోంచేసి వెళ్ళండి" అంది.

"నిన్న మా ఇంట్లో బానే ఉందే! మీ గడప తొక్కేసరికి పోయిందా?" అన్నాడు కొట్టు బాబాయి.

"మీ ఇంట్లోనే పోయింది బాబాయ్."

"పిలిచి తలుపేసుకోవడం ఎక్కడి మర్యాదమ్మా?" అంది ఇంజినీరు గారి భార్య.

అందరూ తలవంచుకుని నాలుగు మెతుకులు కతికి లేచిపోయారు. పెద్దమ్మకు ఇదేమీ తెలియదు. గోడవైపు తిరిగి ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది.

రాత్రి జరిగిందంతా మర్నాడు కారులో పెద్దమ్మకు చెప్పాను. హాల్లో మనవాళ్ళ కోసం ఉంచిన వరసలు ఖాళీగా ఉన్నాయి. పెద్దమ్మ వాటి వంక చూసి, "అలిగారే" అంది. అప్పుడే నర్సక్క ఆసుపత్రి దుస్తుల్లోనే వచ్చి ముందు వరసలో కూర్చుంది. మొదటి బొమ్మ తెర మీద పడకముందే నిద్రలోకి జారిపోయింది.

పెద్దమ్మకు సగం గొంతే తిరిగి వచ్చింది. మైకు దగ్గరకు లాక్కుని చాలా నెమ్మదిగా మాట్లాడింది. డిపార్ట్‌మెంటు పెద్దాయన ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నాడు. ఏవో ప్రశ్నలడిగాడు. ఆమె చెప్పింది. తర్వాత చేతులు కలుపుతూ, "ఇద్దరినీ పంపించండి" అన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక పెద్దమ్మ వచ్చి నర్సక్క పక్క కుర్చీలో కూలబడింది. సంతోషంగా ఉన్నట్టు కనిపించలేదు. ఆమె ముఖం బరువు దించుకున్న మనిషి ముఖంలా ఉంది.

"లేపనా?" అన్నాను.

"వద్దే, పడుకోనీ" అంది. నర్సక్క వైపు చూస్తూ, "రేపు విమానం ఎక్కేలోపు ఆ రెండిళ్ళకూ వెళ్ళిరావాలి. నా మూలంగా ఈ పిల్లకు మాట రాకూడదు" అంది.

"వెళితే మళ్ళీ తినమంటారు పెద్దమ్మా."

"తిందాం" అంది, కళ్ళు మూసుకుని.