ఎవరూ లేని ఊరు

“ఎవరు చనిపోయారు?”

నాలుగు రోజులు ఊరెళ్ళొస్తానంటే మా అత్త అడిగిన మొదటి మాట ఇది. అడిగి, చేతిలో చీపురు గోడకి ఆనించి, ఏడవడానికి తయారుగా నడుముకి కట్టుకున్న గుడ్డ కూడా బిగించుకుంది. ఎవరూ చనిపోలేదన్నాను. “మరి పురుడెవరికి?” అంది. ఎవరికీ కాదన్నాను. “ఎవరికీ ఏమీ కాకపోతే నీకేమైందే?” అంటూ వంగి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

అప్పుడు నేను వంటింటి గుమ్మంలో కూర్చుని మటోకే ఒలుస్తున్నాను. మా ఊరు మసాకాలో ఏ ఇంట్లోనైనా కడుపు నింపేది ఆ పచ్చి అరటికాయే. పొద్దున ఒలవాలి, ఆకులో మూటకట్టాలి, ఆవిరికి పెట్టాలి, మెత్తగా అదమాలి. సాయంత్రం మళ్ళీ మొదటికి. దాని జిగురు వేళ్ళకి పట్టి నల్లగా మాడినట్టు అయిపోతుంది. నూనె రాసినా పోదు, బొప్పాయి ఆకు రుద్దినా పోదు. పెళ్ళయిన ఏడేళ్ళలో నా వేళ్ళ అసలు రంగు నేను చూసుకున్నది లేదు. కవలల పురిట్లో కొన్నాళ్ళు ఒలవలేదు గానీ, అప్పుడు వేళ్ళు చూసుకునేంత తెలివిలో ఎక్కడున్నాను.

మా అత్త అడిగినదాంట్లో వింతేమీ లేదు. ఆడది సంచి పట్టుకుని బస్సెక్కిందంటే చావుకైనా వెళ్ళాలి, పురిటికైనా వెళ్ళాలి, పెళ్ళికైనా వెళ్ళాలి. ఈ మూడూ కాకపోతే మొగుడి మీద అలిగి పుట్టింటికి వెళ్ళాలి. ఇరవై నాలుగేళ్ళలో నేను ఎనిమిది ఊళ్ళు చూశాను. చూశానంటే, వాటి పెరళ్ళు చూశాను. బస్సు దిగీ దిగగానే ఎవరో ఒకరు చేతికి కత్తిచ్చి గెలలు చూపించేవాళ్ళు. జింజాలో పెద్ద నది మొదలయ్యే చోటుందట, జనం డబ్బిచ్చి పడవెక్కి చూస్తారట. మా ఆయన పెదనాన్న చనిపోతే జింజా వెళ్ళి మూడు రోజులున్నాను. నది ఎటువైపని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. పొయ్యి ఎటువైపో చెప్పగలను, పొగ ఏ వేళకి ఎటు తిరుగుతుందో కూడా చెప్పగలను.

ఊరికే ఒక ఊరు చూసి రావాలన్న ఈ కోరిక అసలు నకాటో వల్ల పుట్టింది. నా కవల పిల్లల్లో చిన్నది. పోయిన నెల నా పెట్టె కెలికి పాత నోటుబుక్కు ఒకటి తీసింది. నేను హైస్కూలు రెండో ఏడాదిలో ఆగిపోయాను. ఇంట్లో ఒక్కరి ఫీజే కట్టగలరు, అన్నయ్యకి కట్టారు. ఆగడానికి ముందు రోజు జాగ్రఫీ టీచరు మా చేత మా పక్కనున్న పెద్ద సరస్సు పటం గీయించింది. పై సగం గీశాం, మా ఒడ్డు, మా ఊళ్ళు. గంట కొట్టేశారు. “కింది సగం రేపు గీద్దాం” అని వెళ్ళిపోయింది. ఆ రేపు నేను బావి దగ్గర బిందె నింపుకుంటున్నాను. నకాటో ఆ బొమ్మకి నీలం రంగు వేస్తూ వేస్తూ ఆగి, “అమ్మా, దీనికి కింద గట్టు లేదు. నీళ్ళన్నీ కారిపోతాయి” అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. కుట్టుమిషను తొక్కుతున్నా అదే, గిన్నెలు తోముతున్నా అదే. నేను కుట్టు పని చేసే షాపు నకిట్టో మేడమ్‌ది. ఆరింటికి షాపు కట్టేసే ముందు ఇంకో మూడు యూనిఫారాలు నా ఒళ్ళో పడేసి, “నువ్వు మా ఇంటి పిల్లవి, మన మధ్య లెక్కలేంటి” అంటుంది. పిల్లనైనందుకు జీతం పెరగదు, తుక్కుగుడ్డలు మాత్రం తీసుకోవచ్చు. ఆ ముక్కలతో దిండు గలీబులు కుట్టి సంతలో అమ్మి రెండేళ్ళలో మూడు లక్షల షిల్లింగులు దాచాను. బస్సు, సరిహద్దు దాటే పాసు, గది, తిండి అన్నీ అందులోనే ఒదగాలి. కాబట్టి బస్సు వెళ్ళే దేశాలే నా దేశాలు.

నేను చేసిన తప్పు, ఏ ఊరనుకుంటే ఆ ఊరి పేరు పైకి చెప్పడం.

ముందు నైరోబీ అనుకున్నాను. మేడలు చూడాలని. మా ఆయన సెమాండా మొహం వెలిగిపోయింది.

“మంచి ఆలోచన. అక్కడున్న మా చెల్లికి వచ్చే నెలే కదా నెలలు నిండేది? ఓ నెలుండి రా.”

“నేను చూడ్డానికి వెళ్తానంటున్నానండీ.”

“చూడు, ఎవరు వద్దన్నారు? బిడ్డని చూడవా?”

మర్నాడు షాపులో ఈ సంగతి నకిట్టో మేడమ్ చెవిన పడింది. “ఎటూ నైరోబీ వెళ్తున్నావుగా, రెండు బేళ్ళ లైనింగు గుడ్డ పట్టుకురా. మీ ఇంటి షాపనుకో.” ఇంకా బస్సెక్కకుండానే తల మీద రెండు బేళ్ళు, చంకలో ఆడబిడ్డ బిడ్డ.

నైరోబీ మానేసి కిగాలీ అన్నాను. వీధులు అద్దంలా ఉంటాయంటారు. “కిగాలీలో మా చిన్నమ్మ కూతురుందే, పాపం కాలు పట్టేసింది” అంది మా అత్త. “ఓ గెల పట్టుకెళ్ళి, రెండు రోజులు కాళ్ళు పట్టి రా.” అప్పటికప్పుడు ఏ గెల ముదిరిందో చూడ్డానికి తోటలోకి కూడా వెళ్ళింది. మొంబాసా పేరెత్తాను, సముద్రం కోసం. అది నా డబ్బుకి అందదని నాకు తెలుసు. అందదని నేననే లోపలే మా ఆయనకి అక్కడ ఓ స్నేహితుడు, ఆ స్నేహితుడికి వంటమనిషి మానేసిన సంగతి గుర్తొచ్చాయి.

అప్పటికి తెలిసింది నాకు, ఊళ్ళు ఎలా వెతకాలో. మర్నాడు పొద్దున కాయలు ఒలుస్తూ మెల్లగా అడిగాను.

“అత్తయ్యా, బుకోబాలో మనవాళ్ళెవరున్నారు?”

“బుకోబాలోనా?” వేళ్ళు మడిచి చాలాసేపు ఆలోచించింది. “ఎవరూ లేరే. అటు మనం పిల్లనివ్వలేదు, తెచ్చుకోలేదు. ఎందుకు?”

“ఊరికే.”

బుకోబా టాంజానియాలో ఉంది. మా సరస్సు ఒడ్డునే, నేను గియ్యని కింది సగంలో. బస్సు మా ఊరి మీంచే వెళ్తుంది. పొద్దునెక్కితే సాయంత్రానికి దింపేస్తుంది. మూడు లక్షల్లో వెళ్ళి రావచ్చు, ఒక పూట చేపలు కూడా తినచ్చు.

పాసు కోసం వెళ్తే ఫారంలో ఒక గడి ఉంది, అక్కడ ఎవరింట్లో ఉంటారని. ఖాళీగా వదిలేశాను. గుమాస్తా నా వైపు తోశాడు. “నింపమ్మా.” ఎవరూ లేరన్నాను. “ఎవరూ లేని ఊరికి ఎవరైనా వెళ్తారా?” అన్నాడు. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. కలం తీసుకుని ఆ గడిలో ‘ఎవరూ లేరు’ అని రాశాను. సంతకం దగ్గర నబ్బోసా అని నా పేరు రాసి, సరిగ్గా రాశానో లేదోనని మళ్ళీ చదువుకున్నాను. కవలలు పుట్టినప్పట్నుంచీ నన్నందరూ నాలోంగో అనే పిలుస్తారు, కవలల తల్లి అని. గౌరవానికే పిలుస్తారు. కానీ ఐదేళ్ళయింది నా పేరు నేను రాసి.

భయం లేదంటే అబద్ధం. పెద్దది బబిర్యేకి ఆయాసం. తెల్లారగట్ల దాని డొక్క ఎగరడం చూసి ఊపిరి లెక్కపెట్టడం నాకు అలవాటు. లెక్క తప్పితే మళ్ళీ మొదట్నుంచి పెడతాను. నేను లెక్కపెట్టని రోజున అది ఊపిరి తీసుకోవడం మర్చిపోతుందేమోనని పిచ్చి. దానికి తోడు మా అత్త, “కవలల తల్లి గడప దాటితే కవలలు అలుగుతారు, వాళ్ళ అలక ఒళ్ళు కాలుస్తుంది” అంటుంది. నమ్మనని అనలేను. ఒకదానికి గౌను కుడితే రెండోదానికీ అదే గుడ్డతో, అన్నే గుండీలతో కుట్టేదాన్ని నేనే కదా. రెండుసార్లు టికెట్టు కొట్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. మూడోసారి, శనివారం, వెళ్ళేదారిలో ఒక సంచి కొన్నాను, వెనక్కి రావడానికి సిగ్గేసేలా. టికెట్టు కొన్నాను.

సంచితో నన్ను టికెట్టు కొట్టు దగ్గర ఎవరు చూశారో మరి. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన ఫోను మోగింది. మా అన్నయ్య. మా ఆయన స్పీకరు పెట్టాడు.

“బావగారూ, మా చెల్లి మీ మీద అలిగి వచ్చేస్తోందట కదా. రానివ్వండి, మేం చూసుకుంటాం. కానీ తీసుకెళ్ళడానికి ఉత్త చేతుల్తో రాకండి. మా పెద్దమ్మ అల్లుడు మేకని తెచ్చాడు.”

“అలగడమేంటి బావా, ఇక్కడే కూర్చుని కాయలు ఒలుస్తోంది.”

“అదంతా నాకెందుకు. సంచి కొందా, లేదా?”

“కొంది.”

“ఇంకేం. మేక.”

“మేక ఎందుకురా” అని మా అత్త కొడుకు మోచెయ్యి గిల్లింది. “పుంజుతో సరిపెట్టుకోమను.”

పుంజంటే మా అన్నయ్య ఒప్పుకోలేదు. మేక సరే, ఆడమేకా పోతా అన్నదాని మీద కాసేపు నడిచింది. నేను వాళ్ళకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఏమైంది నీకు, ఎక్కడికెళ్తున్నావు అని ఇటు తిరిగి ఒక్కరూ అడగలేదు. ఇంకా వెళ్ళని నన్ను వెనక్కి తెచ్చుకునే బేరం నా ముందే జరుగుతోంది. నాకు నవ్వొచ్చింది. అలిగి వెళ్తే నా వెనక ఒక మేక నడిచొస్తుంది, పెద్దలు కూర్చుంటారు, తప్పెవరిదో తేలుస్తారు. ఇష్టపడి వెళ్తే? దానికి మా ఇళ్ళలో పేరే లేదు. అందుకే నైరోబీని పురుడు చేశారు, కిగాలీని కాళ్ళనొప్పి చేశారు. చివరికి ఈ ప్రయాణాన్ని అలక చేశారు.

లేచాను. మొగుడితోగానీ పెద్దవాళ్ళతోగానీ మాట్లాడాలంటే మేం మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఏదైనా అడగాలంటే మరీను. అలవాటుగా మోకాళ్ళు వంగబోయాయి. నిలబెట్టాను. కూర్చుంటే అడిగినట్టవుతుంది.

“అన్నయ్యా, నేను మీ ఇంటికి రావడం లేదు. మేకని దాని మానాన మెయ్యనీ.”

“అది నాలోంగో గొంతేనా?” అని ఫోనులో వినబడింది. మా ఆయన ఫోను కట్టేశాడు. నేను నిలబడే ఉన్నానని ఆయనకి అప్పుడు తెలిసినట్టుంది, నా మోకాళ్ళ వంక చూశాడు.

“గురువారం పొద్దున బస్సు. బుకోబాకి. ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తాను.”

“బుకోబాలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. అత్తయ్యనడగండి.”

మా అత్త మళ్ళీ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ఆమె చెప్పిన మాటే మరి. ఆ వేళ్ళు విప్పి, “కవలలు అలుగుతారే” అంది.

“అలగనీ అత్తయ్యా. ఆడపిల్లలు. ఇప్పట్నుంచే నేర్చుకోనీ.” మా ఆయన వైపు తిరిగాను. “బబిర్యే పీల్చే మందు తలాపున ఉంటుంది. బాగా ఊపి రెండుసార్లు కొట్టాలి. నకాటోకి ఊరికే మూత తీసి నోటి దగ్గర పెట్టాలి, లేకపోతే తనకివ్వలేదని ఏడుస్తుంది.”

“ఎప్పుడివ్వాలో నాకెలా తెలుస్తుంది?”

“నాకెవరు చెప్పారు?”

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గుమ్మంలో సగం ఒలిచిన కాయల వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. నా మాట ఇక అయిపోయిందని చెప్పే నవ్వు.

“పిచ్చిదానా, బుకోబాలోనూ తినేది మటోకేనే. ఇదే కాయ, ఇదే ఆకు. ఆ మాత్రం దానికి దేశం దాటాలా?”

“తెలుసు” అన్నాను. వెళ్ళి కత్తి తెచ్చాను, పిడి ఆయన వైపుకి తిప్పి ముందున్న బల్ల మీద పెట్టాను.

“అక్కడ ఒలిచేది నేను కాదు.”