పై గిన్నె

దబ్బనం మొన బెల్లానికి తగిలి జారింది. సువార్తమ్మ దాన్ని కొంగుతో తుడిచి, గోనెగుడ్డ అంచుల్ని మళ్లీ దగ్గరకు లాగి కుట్టింది. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో ఆమె పని అంతే. బెల్లం దిమ్మ వస్తుంది. గుడ్డ చుడుతుంది, కుడుతుంది, పక్కకు దొర్లిస్తుంది. వేళ్ల మడతల్లో ఎప్పుడూ జిగట. ఎడమ బొటనవేలి గోరు ఏనాడో ఊడి, వంకరగా మొలిచింది.

రాశికి అవతల తలుపులమ్మ అదే పని చేస్తోంది. చుట్టరికం లేకపోయినా సువార్తమ్మను వదినా అనే పిలిచేది. ఇద్దరూ ఒకే రాశి దగ్గర కుడుతూ ముసలివాళ్లయ్యారు. వానాకాలం నుంచి మాత్రం మాటల్లేవు.

పొద్దుటి నుంచి సువార్తమ్మకు ఎడమ భుజం లాగుతోంది. చలిలో పడుకోవడం వల్లేననుకుంది. తుపానుకు ఇంటి రేకులు ఎగిరిపోయాక టార్పాలినే దిక్కు. తుపాను మర్నాడు మార్కెట్‌కొచ్చి నవ్వుతూ చెప్పింది.

"ఇన్నాళ్లూ దేవుడు నన్ను సూడ్డానికి రేకులు అడ్డమొచ్చీవి. ఇప్పుడా బాద లేదు."

మేస్త్రి అచ్చిబాబుతో సహా అందరూ నవ్వారు. మొగుడు పోయినప్పుడూ అంతే. ఏడ్చింది, ఏడుస్తూనే స్తోత్రం చెప్పింది, దినాలు కాగానే పనిలోకి వచ్చింది. ఆ సంతోషం నటన కాదు. ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

దాన్ని పంచబోయి తప్పు చేసింది. వానాకాలంలో తలుపులమ్మ కొడుకు నితీష్‌ను హైవే మీద లారీ గుద్దేసిన రోజు, శవం ఇంకా వాకిట్లో ఉండగానే, తల్లి చేతులు పట్టుకుంది.

"ఏడవకే తలుపులూ. దేవుడికి స్తోత్రం సెప్పు. మనసు తేలికవుతాది."

తలుపులమ్మ ఏడుపు ఆపి చూసింది. "నువ్వు కనలేదు వదినా. నీకేటి తెలుత్తాది. ఇంటికెళ్లు."

తర్వాత పాస్టరుగారిని అడిగితే, "మీరు సత్యమే చెప్పారమ్మా" అన్నాడు. అది ఆమెకు ఓదార్పు కాలేదు. సత్యమే కావచ్చు. కన్నీళ్లతో పూడుకుపోయిన గొంతులో దాన్ని కుక్కబోయింది. ఊరికే పక్కన కూర్చుంటే సరిపోయేది.

అందుకే ఇవాళ చీకటితోనే లేచి ఎండు మెత్తళ్లు, వంకాయ కలిపి పులుసు పెట్టింది. ఆ చిన్న చేపలంటే తలుపులమ్మకు ప్రాణం. క్యారేజీలో పై గిన్నె ఆమెది, కింది గిన్నె తనది, పాత రోజుల్లోలాగే.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పారు. సువార్తమ్మ పై గిన్నె తీసి రాశి పక్కనుంచి అవతలికి తోసింది.

"ఆయేల నోరు మూసుకుని నీ పక్కన కూకోవలిసింది. తప్పయిపోనాది."

తలుపులమ్మ చెయ్యి ఆపలేదు. కుట్టు ముగించి, పురికొస పళ్లతో కొరికింది. గిన్నె దగ్గరకు లాక్కుని అడిగింది.

"మెత్తళ్లా?"

"మెత్తళ్లే."

"ఉప్పెక్కువేసుంటావు."

"ఏసేను."

సువార్తమ్మ నవ్వింది. దిమ్మలకు చేరగిలబడి, కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో కలిపింది. పెదాలు కదిలాయి. ఈసారి ఆమె రేకులు అడగలేదు. భుజం నొప్పి తగ్గించమనీ అడగలేదు. కృతజ్ఞతే చెప్పడం మొదలుపెట్టింది.

తలుపులమ్మ మూత తీసి పక్కన బోర్లించింది. చెయ్యి మాత్రం పెట్టలేదు. పాత రోజుల్లోనూ వదిన ఆమెన్ అన్నాకే ఆమె మొదటి ముద్ద. "మీ దేవుడు తినేడా, నాను తినొచ్చా?" అని ఎగతాళి చేస్తూనే ఆగేది. ఇవాళా ఆగింది. వదిన ప్రార్థనలు ఎప్పుడూ పొడుగే.

అచ్చిబాబు అటుగా వచ్చాడు. "ఏటప్పా, ఇంకా తిన్లేదేటి?"

"ఉండు బాబూ. పార్దన సేత్తంది."

మిగతా ఆడవాళ్లు చేతులు కడుక్కుని పనిలో కూర్చున్నారు. బెల్లం మీది ఈగ ఒకటి సువార్తమ్మ వేలిమీద వాలింది. వేలు కదల్లేదు. తలుపులమ్మ రాశి చుట్టూ వచ్చి, పక్కన చతికిలబడి, ఈగను తోలింది. ఆ చెయ్యి చల్లగా తగిలింది.

"వదినా," అంది మెల్లగా. "ఆమెనను వదినా. ఆకలేత్తంది."

ఆస్పత్రిలో డాక్టరు, గుండె ఆగిపోయిందని, నొప్పి వచ్చినప్పుడే తేవాల్సిందని అన్నాడు. తలుపులమ్మకు తట్టింది వేరు. ఆగకుండా ఒక్క ముద్ద తిని, బాగుందని అనుంటే, ఆ మాటైనా వదిన చెవిన పడేది.

సాయంత్రం ఆమె రాశి దగ్గరికి తిరిగొచ్చింది. మూత పక్కన బోర్లించినట్టే ఉంది. పై గిన్నెలో పులుసు మీద నూనె తెట్టు కట్టింది, ఎవరూ చెయ్యి పెట్టలేదు.